పెన్సిలమ్మ, కరెంటాయన

శాసనసభ భవనంలో మెట్ల పక్కన ఒక పొడుగాటి గది ఉండేది. రెండు కిటికీలు, ఎనిమిది టైపు మిషన్లు, ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుండే గోడగడియారం. పైన సభలో ఎంత గొప్ప మాట పుట్టినా చివరికి మెట్లు దిగి ఈ గదిలోకి రావలసిందే. కార్బను కాగితాల మధ్య నలిగి, నాలుగు ప్రతులుగా బయటికొస్తేనే అది సభలో అన్న మాట కింద లెక్క. ఆ గదిలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసిన రిపోర్టరు ఒకావిడ ఉండేది. సిగలో ఎప్పుడూ రెండు పెన్సిళ్ళు గుచ్చుకుని ఉండేది కాబట్టి అందరూ ఆవిడని పెన్సిలమ్మ అనేవారు. కన్నతల్లి పెట్టిన పేరు జీతం పుస్తకంలో మాత్రమే మిగిలింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. సభాపతి కుర్చీకి దిగువన ఒక చిన్న బల్ల. దాని దగ్గర కూర్చుని, ఎవరు లేచి మాట్లాడితే వారి మాటలన్నీ షార్ట్‌హ్యాండు గీతల్లో రాసుకోవాలి. పది నిమిషాలు కాగానే ఇంకో రిపోర్టరు వచ్చి పక్కన కూర్చుంటాడు. ఈవిడ లేచి కిందికొచ్చి, రాసుకున్నదంతా మామూలు తెలుగులో టైపు కొడుతుంది. మళ్ళీ వంతు వచ్చేసరికి అది పూర్తి కావాలి. కొట్లాటలు, కేకలు, బల్లలు చరచడాలు ఏం జరిగినా ఆవిడ తలెత్తడానికి లేదు. సభ్యుల మొహాలకన్నా చెప్పులే ఆవిడకి ఎక్కువ గుర్తు.

చేరిన కొత్తలో నోటుపుస్తకం ఇంటికి తెచ్చి చూపిస్తే, అత్తగారు కళ్ళజోడు సవరించుకుని రెండు పేజీలు తిప్పింది.

"ఇదేంటే, కోడి కెలికినట్టుంది. దీనికి జీతమిస్తారా?"

"ఇస్తారత్తయ్యా."

"అయితే మన కోళ్ళు ఇన్నాళ్ళూ ఊరికే చాకిరీ చేశాయన్నమాట."

గడియారాలు బాగుచేసే భర్త, కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే నవ్వాడు. ఆ ఇంట్లో సాయంత్రాలు అలాగే గడిచేవి. ఆయన ముందు విప్పిన గడియారం, అత్తగారి ముందు ఒలుస్తున్న చిక్కుడుకాయలు, ఈవిడ నోట సభ కబుర్లు.

ఆవిడ చేరిన నెలలోనే కొత్త సభ కూర్చుంది. ఆ సభలోకి ఒక లైన్‌మాన్ గెలిచి వచ్చాడు. పద్దెనిమిదేళ్ళు కరెంటు స్తంభాలెక్కినవాడు. ఒక పెద్ద గాలివానలో పదకొండు రోజులు ఇంటి మొహం చూడకుండా తీగలు కలిపి, ఊరికి వెలుగు తెచ్చాడట. ఎన్నికలొచ్చినప్పుడు ఇద్దరు పెద్దమనుషులు సీటు నాకంటే నాకని కొట్టుకుంటే, విసిగిపోయిన పార్టీవాళ్ళు మూడో మనిషి కోసం వెతికి ఈయన్ని నిలబెట్టారు. "పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది. ఆ పిల్లిని నేనే," అని ఆయనే చెప్పుకునేవాడు. సభలో అందరూ కరెంటాయన అనేవారు. కొందరు ముద్దుగా, కొందరు ఎగతాళిగా.

ఆయన మొదటిసారి లేచి మాట్లాడింది పెన్సిలమ్మ వంతులోనే. ముందు మైకుని రెండు వేళ్ళతో తట్టి, దాని తీగ ఎక్కడ కలిసిందో వంగి చూసుకుని, అప్పుడు మొదలుపెట్టాడు.

"అయ్యా, మా పేటలో ఫ్యూజు పోతే మూడు రోజులకి గానీ మనిషి రాడు. ఎందుకు రాడంటే, ఉన్నది ఒకే మనిషి, వాడికి ఉన్నది ఒకే నిచ్చెన. ఆ నిచ్చెనకి కింద మెట్టు లేదు. నాకెలా తెలుసంటే, ఆ మెట్టు విరిగినప్పుడు దానిమీద ఉన్నది నేనే."

సభంతా నవ్వింది. పెన్సిలమ్మ తలదించుకునే నవ్వి, చెయ్యి ఆపకుండా రాసుకుంది. కిందికొచ్చి, తనకి నేర్పిన పద్ధతిలో శుభ్రం చేసి టైపు కొట్టింది. ఆ కాలంలో అదే మర్యాద. సభ్యుడు ఎలా మాట్లాడినా, అచ్చులో పెద్దమనిషిలా కనిపించాలి.

టైపు చేసిన ప్రతిని సభ్యులకి పంపడం రివాజు. పొరపాట్లుంటే దిద్ది పంపుతారు. మర్నాడు కరెంటాయన కాగితం పట్టుకుని తనే మెట్ల పక్క గదికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చాడు.

"చెల్లెమ్మా, ఇది రాసింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఇందులో ఒకాయన మాట్లాడాడు. 'విద్యుత్ సరఫరాలో తరచుగా సంభవించుచున్న అంతరాయముల వలన ప్రజలు తీవ్ర అసౌకర్యమునకు గురగుచున్నారు.' ఎవరమ్మా ఈయన? బాగా చదువుకున్నవాడిలా ఉన్నాడు. నేను లేచింది ఈయనకి ముందా, తర్వాతా?"

గదిలో ఎనిమిది మిషన్లూ ఆగిపోయాయి. పెన్సిలమ్మకి చెవులు ఎర్రబడ్డాయి.

"మీరేనండి. కొంచెం భాష సరిచేశాం."

"సరిచేశారు, సరే. మరి నిచ్చెన ఏదమ్మా?"

ఆయన గొంతు పెంచలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చూడు చెల్లెమ్మా. ఈ పుస్తకం మా పేటవాళ్ళు చదువుతారో లేదో తెలీదు. ఎవరైనా చదివితే, మనవాడే మాట్లాడాడని గుర్తుపట్టాలి. లేకపోతే వాళ్ళు నన్ను పంపిందెందుకు? అంతరాయములాయన్నే పంపేవాళ్ళుగా."

రిపోర్టర్లందరికీ పైవాడు, అందరూ పెద్దాయన అని పిలిచే ముసలి రిపోర్టరు, మూల బల్ల దగ్గర్నుంచి ఇదంతా విన్నాడు. మితభాషి. మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టుండేవాడు. కరెంటాయన వెళ్ళాక, "నిచ్చెన పెట్టు," అన్నాడు. అంతే. ఆ రోజునుంచి కరెంటాయన మాటలు ఉన్నవి ఉన్నట్టు అచ్చయ్యాయి. తర్వాత మెల్లగా మిగతావాళ్ళవి కూడా.

అలా ఆవిడ ఇంటి కబుర్లలోకి కూడా ఆయన అడుగుపెట్టాడు. చిక్కుళ్ళు ఒలుస్తూ అత్తగారు రోజూ అడిగేది, "ఇవాళ మీ కరెంటాయన ఏమన్నాడే?" అనే. ఏమీ అనకపోతే ఆవిడకి అన్నం సహించేది కాదు.

ఒకసారి ఏదో పెద్ద బిల్లు మీద చర్చ. అవతలి పక్షంలో ఒక లాయరు లేచి, "గౌరవ సభ్యులు మద్దతిస్తున్నారు సరే, నాలుగో క్లాజు చదివారా?" అని కరెంటాయన్ని నిలదీశాడు.

"చదివానండి," అన్నాడు ఈయన. "రెండుసార్లు చదివాను. అర్థం కాలేదు. అర్థమైనవారు సభలో ఎవరైనా ఉంటే చెప్పమనండి, విని కూర్చుంటాను."

లాయరు అటూ ఇటూ చూశాడు. మంత్రి కాగితాలు తిప్పాడు. ఆ నిశ్శబ్దంలో పెన్సిలమ్మకి రాసుకోవడానికి ఏమీ లేకపోయింది. ఉద్యోగంలో చేరాక సభ జరుగుతుండగా ఆవిడ పెన్సిలు అంతసేపు ఆగడం అదే మొదలు. చివరికి ఆ క్లాజు వెనక్కి తీసుకుని మళ్ళీ రాశారు. సాయంత్రం కరెంటాయన నీరసంగా కిందికి వచ్చాడు.

"అర్థం కాలేదన్న ముక్క తీయించెయ్యమంటున్నాడమ్మా మా లీడరు. పార్టీ పరువు పోయిందట."

"పొరపాటు పలికితే దిద్దచ్చండి. అన్న మాట తీసెయ్యడానికి రూలు లేదు."

ఆయన మొహం విప్పారింది. "బతికించావు. రూలు ఒప్పుకోలేదని చెప్తాను."

ఈ కథ ఇంట్లో చెప్పిన రోజే అత్తగారు పట్టుబట్టింది, ఆయన్ని చూసి తీరాలని. పెన్సిలమ్మ పాసు సంపాదించి సందర్శకుల గ్యాలరీలో కూర్చోబెట్టింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ముసలావిడ కళ్ళు కాయలు కాచేలా చూసింది. ఆ రోజు ఆయనకి మాట్లాడే అవకాశమే రాలేదు. సభ ముగిశాక వరండాలో ఎదురుపడితే పెన్సిలమ్మ పరిచయం చేసింది. అత్తగారు ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, "ఇంత పొట్టివాడివా నాయనా?" అంది.

"స్తంభమెక్కితే పొడుగే పెద్దమ్మా."

"ఇవాళ నోరు విప్పలేదేం?"

"నా వంతు రాలేదు. రాసుకొచ్చింది జేబులోనే ఉండిపోయింది."

"నేను మళ్ళీ ఎప్పుడొస్తాను? ఇక్కడే చెప్పు."

కరెంటాయన ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత జేబులోంచి కాగితం తీసి, ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా నిలబడి, "అయ్యా" అన్నచోటల్లా "పెద్దమ్మా" అంటూ, బడిపిల్లలకి మరుగుదొడ్ల గురించి చెప్పదల్చుకున్నదంతా చెప్పాడు. దారిన పోయే ఇద్దరు సభ్యులు, ఒక ప్యూను ఆగి విన్నారు. అంతా అయ్యాక ముసలావిడ తలూపి, "నిజమే కదా మరి, కట్టించరేం?" అంది.

"అదే నేనూ అడుగుదామనుకున్నాను."

ఆ తర్వాత పోయేదాకా, రేడియోలో ఏ పెద్దమనిషి ప్రసంగం వచ్చినా అత్తగారు పెదవి విరిచేది. మావాడి ముందు వీడెంత, అనేది.

ఇక వంతెన సంగతి. అది ఆయన రెండోసారి గెలిచాక జరిగింది.

కరెంటాయన పేటకి, ఊరికి మధ్య ఒక ఏరు. పిల్లలు బడికి పడవలో వెళ్ళాలి. వానాకాలంలో పడవ నడవదు. ఆరేళ్ళనుంచీ ఆయన అడుగుతూనే ఉన్నాడు, జవాబులు వస్తూనే ఉన్నాయి. "పరిశీలనలో ఉంది" అని రెండేళ్ళు, "చురుగ్గా పరిశీలిస్తున్నాం" అని నాలుగేళ్ళు. ఆ రోజు మాత్రం ఆయన ఊరుకోలేదు. "పరిశీలించినవారు ఒక్కసారైనా ఆ పడవెక్కారా? ఎక్కితే ఈత వచ్చా?" అన్నాడు. సభ నవ్వింది. రోడ్ల మంత్రి కూడా నవ్వాడు. ఆ నవ్వు ఊపులోనే, "సరే సరే, వచ్చే వానలకి ముందే వంతెన కట్టిస్తాం," అనేశాడు. పెన్సిలమ్మ రాసుకుంది. టైపు కొట్టింది.

మర్నాడు మంత్రిగారి సహాయకుడు దిద్దిన ప్రతి తెచ్చాడు. 'కట్టిస్తాం' కొట్టేసి, పైన ఎర్రసిరాతో 'కట్టిద్దాం' అని ఉంది.

ఒక్క అక్షరం తేడా. కట్టిస్తాం అంటే మాట ఇచ్చినట్టు. కట్టిద్దాం అంటే, ఎప్పుడో చూద్దాం, అందరం కలిసి ఆలోచిద్దాం, ఈలోగా పడవెక్కండి.

"మంత్రిగారు అన్నది ఇదే. మీవాళ్ళు తప్పు విన్నారు," అన్నాడు సహాయకుడు.

పెద్దాయన ఆవిణ్ణి పిలిచాడు. ఆయనకి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది.

"నువ్వేం విన్నావు?"

"కట్టిస్తాం అన్నారండి."

ఆయన కళ్ళజోడు మీదుగా చూశాడు. "చెవితో విన్నావా, మనసుతో విన్నావా?"

ఆ మాట ఆవిడకి ములుకులా గుచ్చుకుంది. కరెంటాయన లేస్తే ఆవిడ పెన్సిలు హుషారుగా కదులుతుందని గదిలో అందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. వంతెన రావాలని ఆవిడకీ ఉంది. అలా ఉండటం వల్లే చెయ్యి ఒక గీతకి బదులు ఇంకో గీత గీసిందా? ఇంటికెళ్ళాక కూడా అదే ఆలోచన. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"చెయ్యి అంత తెలివైంది కాదే," అంది అత్తగారు అంతా విని. "నోరే అబద్ధమాడుతుంది. చెయ్యి చెప్పింది చేస్తుంది."

"దానికి చెప్పింది నేనే కదత్తయ్యా. నేనే తప్పు చెప్పి ఉంటే?"

అత్తగారు పెరుగు వడ్డించింది.

మూడో రోజు సభాపతి తన గదికి పిలిపించాడు. మంత్రి ఉన్నాడు, సహాయకుడు ఉన్నాడు. పెద్దాయన వెనక పెన్సిలమ్మ, చేతిలో నోటుపుస్తకం. సభాపతి ఆవిణ్ణి చదవమనబోతే పెద్దాయన అడ్డుపడ్డాడు.

"ఆ అమ్మాయి వద్దండి. తను ఏం రాసిందో తనకి గుర్తుంటుంది. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను, మంత్రిగారి మాటలు వినలేదు. నేను చదువుతాను. గీతల్లో ఏముంటే అదే వస్తుంది."

పుస్తకం అందుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆయన పది నిమిషాల మాటలూ మొదటినుంచి చదివాడు. పడవ, ఈత, సభలో నవ్వులు. గొంతులో ఏ భావమూ లేదు. పెన్సిలమ్మ తన పాదాలకేసి చూస్తూ నిలబడింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగలేదు, గొంతు తగ్గించనూ లేదు. "వచ్చే వానలకి ముందే వంతెన కట్టిస్తాం," అని చదివి, అప్పుడు తలెత్తాడు.

"మా రాతలో 'ద్దాం'కి లావు గీత పెడతామండి. 'స్తాం'కి సన్నగీత, మొదట్లో చిన్న సున్నా. ఇక్కడ గీత సన్నగా ఉంది. సున్నా కూడా ఉంది. కావాలంటే చూసుకోండి."

సభాపతి చూశాడు. ఆయనకి ఏమీ అర్థమై ఉండదు, కానీ సున్నా సున్నాయే కదా. మంత్రికి చూపించాడు. మంత్రి కాసేపు దానికేసి చూసి, గట్టిగా నిట్టూర్చి, నవ్వేశాడు. చెడ్డమనిషి కాదు. "నోరు జారాను. జారినందుకు కట్టక తప్పదు," అన్నాడు.

బయటికొచ్చాక వరండాలో పెద్దాయన పుస్తకం తిరిగి ఇస్తూ, "సున్నా కొంచెం పెద్దది చెయ్యి. నా కళ్ళు పోతున్నాయి," అన్నాడు. ముప్ఫై రెండేళ్ళ నౌకరీలో ఆవిడకి దొరికిన మెప్పుల్లో దాన్ని మించింది లేదు.

వంతెన వచ్చే వానలకి రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. మూడో ఏడు వచ్చింది. ఆ గదిలో జరిగింది బయట చెప్పకూడదు గనక పెన్సిలమ్మ కరెంటాయనకి చెప్పలేదు. ఆయన మానాన ఆయన, తన ఈత మాటకే మంత్రి లొంగిపోయాడనుకుని, కనపడిన ప్రతివాడికీ ఆ కథ చెప్పుకున్నాడు.

వంతెన మీద మొదటి బస్సు తిరిగిన ఏడాదే ఆయన ఓడిపోయాడు. నాలుగు వందల ఓట్లు తేడా. క్వార్టరు ఖాళీ చేసిన రోజు వీడ్కోలు చెప్పడానికి కింది గదికి వచ్చాడు. ఎప్పటిలా స్టూలు లాక్కుని కూర్చున్నాడు గానీ, కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

"పడవవాళ్ళు నాకు వెయ్యలేదు చెల్లెమ్మా. వాళ్ళ పొట్ట కొట్టాను కదా. అది ముందే తట్టాల్సింది. తట్టలేదు."

"వంతెనొద్దని ఎవరూ అనరండి."

"అనరు. కానీ వాళ్ళ సంగతేంటని నేను ఒక్కసారైనా లేచి అడగలేదు. పుస్తకాలు తిరగెయ్యి, ఎక్కడా ఉండదు."

ఆవిడకి తెలుసు, ఉండదని. అప్పటికి పెద్దాయన రిటైరై రెండేళ్ళయింది. ఇక దాచడమెందుకని, ఆ రోజు సభాపతి గదిలో జరిగిందంతా చెప్పింది. కరెంటాయన గోడగడియారం కేసి చూశాడు.

"ఇన్నాళ్ళూ నా గొంతుకి లొంగాడనుకున్నాను. ఎంతమందికి చెప్పుకున్నానో."

"మీరు అడిగారు కాబట్టే ఆయన అన్నాడండి. అనకపోతే నేనేం రాస్తాను?"

"అదీ నిజమేలే," అని లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "ఆ పెద్దాయన ఇల్లెక్కడో చెప్పు, వెళ్ళి కలుస్తాను," అని అడ్రసు రాయించుకుని వెళ్ళాడు.

ఐదేళ్ళ తర్వాత మళ్ళీ గెలిచి వచ్చాడు. వచ్చిన మొదటి సమావేశంలోనే పడవవాళ్ళ గురించి లేచాడు. వాళ్ళలో పన్నెండు మందికి నీటి పథకంలో పని ఇప్పించాడు. జుట్టు తెల్లబడింది, మాట మాత్రం అదే. అప్పటికి అత్తగారు లేదు. సంగతి తెలిసి ఆయన ఇంటికి వచ్చాడు. గడియారాల మధ్య కుర్చీలో కూర్చుని ఆవిడ ఫొటో కేసి చూస్తూ, "నా ప్రసంగానికి ఓపిగ్గా తలూపిన మనిషి ఈవిడొక్కరే," అన్నాడు. పెన్సిలమ్మ భర్త టీ ఇస్తూ, "మీరు మాట్లాడని రోజు మా అమ్మ అన్నం సరిగ్గా తినేది కాదండి," అన్నాడు.

ఆ సభ కాలంలోనే బల్లల మీదికి రికార్డు చేసే యంత్రాలొచ్చాయి. యంత్రం పట్టిన మాటలు చెవులకి పెట్టుకుని విని టైపు చెయ్యడమే ఇక పని. టైపు మిషన్ల చోట కంప్యూటర్లొచ్చాయి. కొత్తగా చేరిన పిల్లలకి గీతలు రావు, వాటితో అవసరమూ లేదు. పెన్సిలమ్మకి మాత్రం సభాపతి కుర్చీ కింద ఆ చిన్న బల్ల దగ్గర కూర్చోవడమే ఇష్టంగా ఉండేది. అక్కడ చెమట వాసన, కొత్త చెప్పుల కిర్రు, మైకుని రెండు వేళ్ళతో తట్టే చప్పుడు. యంత్రంలో అవేవీ సరిగ్గా వినిపించవు. ఆ తర్వాతి ఎన్నికలకి కరెంటాయనకి పార్టీ సీటివ్వలేదు. సొంతంగా నిలబడి చిత్తుగా ఓడిపోయాడు. తర్వాత పన్నెండేళ్ళకి ఆవిడా రిటైరైంది.

కిందటి ఏడు ఆవిడ, భర్తా కలిసి ఆయన్ని చూడటానికి వెళ్ళారు. బస్సు వంతెన మీదుగానే వెళ్ళింది. కిటికీ పక్క సీటు దొరకనందువల్ల ఆవిడకి ఏరు కనిపించలేదు. కరెంటాయన ఇల్లు చిన్నది, సందు చివర. వెళ్ళేసరికి ఆయన చేతికర్ర పట్టుకుని ఎక్కడికో బయల్దేరుతున్నాడు.

"మంచి సమయానికొచ్చావు చెల్లెమ్మా. కరెంటాఫీసుకి వెళ్తున్నాను. సందులో దీపం పోయి నెలైంది. రా, దారిలో మాట్లాడుకుందాం. బావగారు నీడపట్టున కూర్చుంటారు."

"వచ్చినవాళ్ళని మంచినీళ్ళైనా తాగనివ్వరా?" అంది ఆయన భార్య లోపల్నుంచి. తాగాక వెళ్ళారు.

ఆఫీసులో బెంచీ మీద పదిమంది కూర్చుని ఉన్నారు. ఇద్దరూ చివర కూర్చున్నారు. ఆయన పిల్లల గురించి అడిగాడు, ఆవిడ ఆయన మోకాళ్ళ గురించి అడిగింది. ఎవరికీ ఆయన ఎవరో తెలిసినట్టు లేదు. ఆయనా చెప్పుకోలేదు. వంతు వచ్చాక లేచి కుర్రాఫీసరు ముందు నిలబడ్డాడు.

"స్తంభం నంబరు నలభై ఒకటి బాబూ. బల్బు కాదు పోయింది, పైన హోల్డరు తుప్పు పట్టింది. బల్బు మార్చి వెళ్ళిపోతారు మీవాళ్ళు, మళ్ళీ నాలుగు రోజులకి నేను రావాలి."

"పైన తుప్పు పట్టిందని మీకెలా తెలుసు తాతగారూ?"

"కింద నిలబడి చూస్తే తెలుస్తుంది. లైన్‌మాన్‌గా చేశాలే."

కుర్రవాడు రాసుకున్నాడు. గురువారం మనిషిని పంపుతామన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన మెల్లగా నడుస్తూ, ఆ కుర్రవాడు 'హోల్డరు' అని రాశాడా, 'బల్బు' అని రాశాడా అని అడిగాడు. హోల్డరనే రాశాడు, నేను చూశాను, అని ఆవిడ చెప్పింది.

మనిషి గురువారం రాలేదు. శనివారం వచ్చి హోల్డరు మార్చి వెళ్ళాడు. ఆ సంగతి కరెంటాయన భార్య ఫోను చేసి చెప్పింది. చెబుతూ, సందులో వెలుతురు మరీ ఎక్కువై కిటికీకి తెర కట్టుకోవలసి వచ్చిందని కూడా అంది.